పొగ లేని ఒక్క రోజు

నారాయణఖేడ్, 1996 జూన్, మంగళవారం

పొగ పరీక్ష ఉందని పొద్దున మెకానిక్ మల్లేశం నా జీపు పంపు స్క్రూ తిప్పి ఇంజనుకు వెళ్లే డీజిల్ తగ్గించాడు. పొగ పోయింది, పరీక్ష పాసైనట్టు కాగితం వచ్చింది. బండికి లాగే సత్తువా పోయింది. కంగ్టి దారిలో ఎత్తు ఎక్కలేక ఆగిపోతే ప్రయాణికులంతా దిగి తోశారు.

రోజూ వెనక సీట్లో దగ్గుతూ వచ్చే ముసలి సాయవ్వ కూడా తోసింది. ఊరొచ్చాక, "ఇయ్యాల పొగ లేదు బిడ్డా, జర ఊపిరాడింది" అన్నది.

సాయంత్రం మల్లేశం, "కాగితం అచ్చింది గదనే, ఇగ స్క్రూ ఎన్కకు తిప్పుతున్న" అన్నాడు. ఆరు నెలలకోసారి ఇదే తతంగం. తిప్పమన్నాను. రోజూ తోయాల్సిన బండి ఎవరెక్కుతారు?

రేపటి నుంచి సాయవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టాలి. వెనక ఇంకెవరో కూర్చుంటారు.