నలభై రోజులు సముద్రపు నీళ్ళలో

చోవా చూ కాంగ్, సింగపూర్
12-9-1999

కుమారమ్మా, నా మోకాళ్ళ నొప్పి తగ్గింది, దిగులు పడకు. ఈ కార్డు నీకంటే ముందు మీ ఆయనే చదువుతాడని తెలుసు. చదవనీ.

నూటయాభై ఏళ్ళ కిందట ఇంగ్లండు పండితులు, ఒకే జాతి మొక్క దూరదూర దీవులకి ఎలా చేరిందని వాదించుకున్నారు. గింజలు సముద్రం మీద కొట్టుకెళ్ళాయని ఒకాయన, మధ్యలో ఉన్న నేల మునిగిపోయిందని ఇంకొకాయన. నాది మొదటి పక్షం, మీ ఆయనది రెండోది. "ఉప్పునీళ్ళలో గింజ ఊరగాయ అవుతుంది, బోటనీ మాస్టారూ!" అని స్టాఫ్ రూములో అందరి ముందూ నవ్వాడు. అప్పట్నుంచి ఏడేళ్ళుగా మాకు మాటల్లేవు.

ఇప్పుడు వినమను. అల్లుడు ఆకాష్ కంప్యూటర్ల వై-టు-కె పని ఒత్తిడిలోనూ బీచి నుంచి డబ్బాడు సముద్రపు నీళ్ళు తెచ్చిపెట్టాడు. నువ్వు కట్టిచ్చిన ఎండుమిరపకాయల గింజలు అందులో నలభై రోజులు ఉంచి, కుండీలో చల్లాను. నిన్నటికి పన్నెండు మొలిచాయి!

మనవరాలు ప్రణవి మాత్రం, "బట్ తాతా, అవి సెకండ్ డేనే మునిగిపోయాయి లా! ఇంక ఐలాండ్‌కి ఎలా వెళ్తాయి?" అంది, ఇక్కడివాళ్ళ 'లా' ఒకటి తగిలించి. మీ ఆయన దగ్గర చదువుకున్నట్టే అడిగింది. ఎండిన కొమ్మకి అంటుకుని ఉంటే తేలతాయేమోనని తోచింది.

మీ పెరటి మిరప కొమ్మ ఒకటి కాయలతో సహా ఎండబెట్టి, ఉప్పాడ సముద్రపు నీళ్ళలో ఎన్నాళ్ళు తేలుతుందో ఆయన్నే చూడమను.

చంటిదాని దగ్గు తగ్గిందా? పాలవాణ్ణి మార్చావా?

ఆ ఇంగ్లండు వాళ్ళు వాదించుకుంటూనే ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. మీ ఆయన తిట్టినా సరే, తన చేత్తోనే రాసి తిట్టమను. పిల్లలకి ఆశీస్సులు.

మీ అన్నయ్య,
పార్థసారథి