అడుగున మిగిలిన పొడి

పెద్దసారుకి,

మీ ల్యాబులో తొమ్మిదేళ్లు గాజుసామాను కడిగి, ఒక్క మురికి గొట్టం వల్ల పని పోగొట్టుకున్నదాన్ని రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. మీ ప్రయోగమే బాగాలేదట. నేను వెళ్లాక అది మొరాయించిందనీ, మీరు దీపం రెండుసార్లు మార్చారనీ మీ శిష్యురాలు చెప్పింది. పాపం, దీపం ఏం చేసింది సార్?

చూడవచ్చిన వాళ్లకు మీరు చెప్పేదంతా తొట్టి దగ్గర నిలబడి కంఠతా పట్టాను. వెలుతురు తగిలితే అణువు రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఊరికే ఉండవు, చెల్లాచెదురై ఎదురొచ్చిన దాన్నల్లా పట్టుకుంటాయి. మీ గొట్టంలో మాత్రం విడిపోయిన జంటే మళ్లీ కలిసేది. "అదంతా నా దీపం గొప్ప!" అనేవారు.

కాదు సార్. అవే గొట్టాలు పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయన కూడా వాడేవాడు, ఆయన తెల్లపొడి అడుగున అతుక్కుని ఉండేది. బ్రష్షు అందక నేనే వదిలేసేదాన్ని. దాన్నిండా కంటికి కనబడని కంతలుంటాయని ఆయనే చెప్పాడు. అందులో ఇరుక్కున్న ముక్కలు ఎక్కడికి పోతాయి? కిక్కిరిసిన బస్సులో పోట్లాడుకున్న మొగుడూపెళ్లాల్లా, దిగే దారిలేక కలిసిపోతాయి. కొత్తమ్మాయి గొట్టాలు అద్దంలా తోముతోందట. ఇక ఇరుకెక్కడిది?

నా పని నాకిచ్చేయండి. "ఇదీ నీ నిర్వాకం!" అని మీరు నా చేతిలో పెట్టిన ఆ మురికి గొట్టం ఇంకా నా దగ్గరే ఉంది. అలాగే పట్టుకుని రానా, కడిగి పంపించనా?

ఇట్లు,
మీరు పేరుపెట్టిన బద్ధకస్తురాలు