మూడోసారి అడిగితే

మార్చి 16, ఆదివారం

పూజ్యురాలైన అక్కకి,

చెల్లెలు చేతులు జోడించి రాస్తున్నది. నేనిక్కడ ఆరోగ్యంగా, వేళకి తింటూ, అవసరానికి మించి ఆలోచిస్తూ ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ, నీ కుట్టుమిషన్లూ కూడా అంతే చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఆలోచించడం మాత్రం నాకే వదిలెయ్యండి.

ఎన్నో ఏళ్లుగా నిన్నొకటి అడగాలనుకుంటున్నాను. పై చదువుకి వెళతావా అని నాన్న అడిగిన రోజు నువ్వు వద్దన్నావే, అది నిజంగా వద్దనేనా?

నీకు గుర్తుందో లేదో. నాన్న అడిగింది భోజనాల దగ్గర. నువ్వు అప్పటికే తినేసి, కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతున్నావు. నాకెందుకు నాన్నా, చెల్లిని పంపించు అన్నావు, సూది మీంచి చూపు తిప్పకుండా. నాన్న సరేనమ్మా అని మంచినీళ్లు తాగి లేచారు. అంతే. ఆ ఒక్క మాట మీద నేను ముందు ఊరు దాటాను, ఇప్పుడు దేశం దాటాను. నాన్న నీ మాటని గౌరవించారా, లేక ఇంకోసారి అడిగితే నువ్వు సరేనంటావేమోనని జంకారా అన్నది నాకు అంతు పట్టలేదు. ఆయన్ని అడిగే వీలు ఇప్పుడు లేదు. నిన్ను ఫోన్‌లో అడిగితే మిషన్ తొక్కుతూనే, మళ్లీ మొదలెట్టావా తల్లీ నీ సందేహాలు అని, మీ మరిది వంట మీదికి మాట మార్చేస్తావు. అందుకని కాగితం పట్టుకున్నాను.

వంటంటే గుర్తొచ్చింది. ఆయన రోజూ తను వండినవి ఫోటోలు తీసి పంపిస్తున్నారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. రుచి ఎలా ఉందో నువ్వే ఒకపూట వెళ్లి తిని, దాచకుండా రాయాలి.

ఇక నా చదువు. క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్లంతా మా అమ్మాయి ఈడు వాళ్లు. మొదట్లో నేను గదిలోకి వస్తే పాఠం చెప్పడానికి వచ్చాననుకుని గబగబా సర్దుకుని కూర్చునేవారు. ఇప్పుడు నా పెన్నులు తీసుకుని తిరిగివ్వడం మానేశారు, అంటే కలిసిపోయానన్నమాట. వారంలో సగం చదువు, సగం పని. పనంటే, వేరే దేశాల నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాళ్లకి చేదోడుగా ఉండే ఒక కేంద్రంలో. బట్టలుతికే దుకాణం మీద రెండు గదులు. కింద యంత్రాలు తిరిగినప్పుడల్లా మా కుర్చీలు సన్నగా వణుకుతాయి, మెట్ల మీంచి వెచ్చటి సబ్బు వాసన పైకొస్తుంది. మొదట తలనొప్పి వచ్చేది. ఇప్పుడు సెలవు రోజున ఆ వాసన లేకపోతే ఏదో వెలితిగా ఉంటోంది.

ఇక్కడ కుర్చీలు ఎదురెదురుగా వేయరక్కా. కాస్త పక్కకి, ఏటవాలుగా వేస్తారు. ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది, పక్కగా కూర్చుంటే కబుర్లలా ఉంటుంది అంటారు మా పెద్దావిడ. పెద్దావిడంటే కేంద్రం నడిపే ఆవిడ. వయసులో నాకంటే చిన్నదే, అది నేను హోదాకి పెట్టుకున్న పేరు. ఆవిడ నేర్పిన మొదటి సూత్రం ఇది: సాయం కావాలా అని ఒక్కసారే, స్పష్టంగా అడగాలి. వద్దంటే నమ్మాలి. మళ్లీ అడగకూడదు. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందిని ఎక్కడో ఒకచోట అధికారులు ఒకే ప్రశ్న పదే పదే వేసి విసిగించి ఉంటారట. వాళ్ల మాటని మొదటిసారే నమ్మినవాళ్లు ఉండరట. అందుకని వద్దు అన్నది వద్దే. విన్నప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మనింట్లో ఎవరి వద్దుని ఎవరు నమ్మారు గనక?

ఆ హాయి బామ్మగారి దాకానే.

బామ్మగారు మన భాషావిడే. మనవల్ని చూసుకోవడానికి కూతురి దగ్గరికి వచ్చింది. మనవలు పెద్దవాళ్లై బడికి పోతున్నారు, కూతురూ అల్లుడూ పనికి పోతున్నారు, ఈవిడ మేడమీద వాటాలో పొద్దస్తమానం ఒక్కతే. కిటికీలోంచి బస్సులు చూడటం తప్ప వీధి మొహం ఎరగదు. అమ్మ మాట్లాడటం తగ్గించేసింది, నాకు భయంగా ఉందండీ అని కూతురు మా దగ్గరికి వచ్చి చెప్పింది. మా దగ్గర మధ్యాహ్నం పూట ఆడవాళ్ల బృందం ఒకటుంది. కబుర్లు, అల్లికలు, బస్సెక్కడం నేర్చుకోవడం. పరిమితంగా చోట్లుంటాయి. మా క్లాసు కుర్రపిల్ల ఒకతె, ఫోన్‌లో అనువాదం చేసే మనిషిని పెట్టుకుని బామ్మగారిని అడిగి వచ్చింది. నాకెందుకమ్మా, ఇంకెవరైనా అవసరమున్నవాళ్లకి ఇవ్వండి అందట. బోర్డు మీద ఆవిడ పేరు తుడిచేశారు.

నాకెందుకు, ఇంకెవరికైనా ఇవ్వండి. ఈ మాట నాకు తెలుసు. ఆ గొంతు కూడా తెలుసు. అది నీ గొంతు.

పెద్దావిడ దగ్గరికెళ్లి, మాలో మొదటి వద్దు వద్దు కాదండీ, తలుపు తీసేముందు ఎవరూ అని అడగడం లాంటిది అన్నాను. మరి ఎన్నో వద్దు వద్దవుతుంది అని అడిగిందావిడ, నిజంగానే తెలుసుకోవాలని. మూడోది అనుకుంటా అన్నాను. అనుకుంటా అన్న మాటని ఆవిడ పట్టుకుంది. నీకే తెలియకపోతే ఎదుటి మనిషిని ఎలా వేధిస్తావు అంది. అయినా వెళ్లనిచ్చింది.

వెళ్లాను. బామ్మగారు తలుపు తీసింది. చక్కగా చీర కట్టుకుని, పైన స్వెటర్ వేసుకుని, కాళ్లకి బూట్లతో ఉంది. ఇంట్లో బూట్లు. ఇంకేం కావాలి నాకు? నోరు వద్దంటోంది, కాళ్లు ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి అనుకుని లోపల్లోపలే పొంగిపోయాను. ఒకసారి అడిగాను. అబ్బే, ఈ వయసులో నాకెక్కడి బృందాలమ్మా అంది. కాసేపాగి మళ్లీ అడిగాను. మీకెందుకు శ్రమ అంది. మీరు రాకపోతే మన భాష మాట్లాడటానికి నాకక్కడ ఒక్క మనిషీ లేరండీ అన్నాను మూడోసారి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అదేదో ముందే ఏడవచ్చు కదా, నువ్వంతగా బతిమాలుతుంటే కాదంటానా అని తాళంచెవి కోసం లేచింది.

అక్కా, ఇప్పుడా బృందంలో నోరున్నది ఆవిడొక్కతే. భాష రానివాళ్లకి కూడా మన భాషలోనే దబాయిస్తుంది. వాళ్లు నవ్వుతూ వింటారు. బస్సు డ్రైవరు ఆవిడ ఎక్కి కూర్చునేదాకా బండి కదపడు. కూతురొచ్చి పెద్దావిడ చెయ్యి పట్టుకుని వదలలేదు. ఇక నా గర్వం సంగతి నువ్వు ఊహించుకోవచ్చు. చిన్నప్పుడు కుట్టు పోటీలో నీకు బహుమతి వస్తే నేను వీధంతా చెప్పి వచ్చినప్పటి గర్వం అది.

ఆ గర్వంతోనే వంటావిడ జోలికి వెళ్లాను. ఆవిడా మనవాళ్లే. తెల్లవారకుండానే ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పనికెక్కుతుంది. మనిషి ఎప్పుడు చూసినా అలసటగా, ఒంటరిగా కనిపించేది. బృందానికి రమ్మన్నాను, వద్దంది. మళ్లీ అడిగాను, వద్దంది. మూడోసారి అడిగాను, సరేనండి అంది. చూశారా అన్నట్టు పెద్దావిడ వైపు చూశాను. వంటావిడ క్రమం తప్పకుండా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేది, అల్లిక ఒళ్లో పెట్టుకుని. కొన్ని వారాలయ్యాక బామ్మగారు నన్ను పక్కకి లాగి, ఆ పిల్లని ఎందుకే అలా పీడించావు అంది. ఆవిడకి రోజు మొత్తం మీద ఒళ్లు వాల్చే వేళ ఆ మధ్యాహ్నం ఒక్కటేనట. అన్నిసార్లు అడిగిన మనిషిని కాదంటే ఏం బాగుంటుందని నిద్ర మానుకుని వస్తోందట.

అంటే ఆవిడ వద్దు నిజం. సరే అన్నదే మొహమాటం. ఈ లెక్క నా తలకి తట్టలేదు చూడు.

మీరూ మొదట వద్దనే అన్నారు కదండీ బామ్మగారూ అన్నాను. నా సంగతి వేరు, నాకు రావాలనుంది అంది. మరి ముందే రావాలనుందా అన్నాను. ఏమో, నువ్వు అడిగాకే తెలిసింది అంది. మరి ఆ రోజు బూట్లెందుకు వేసుకున్నారు అని అడిగాను, నా ఆఖరి సాక్ష్యం వదులుకోలేక. నేల మంచులా ఉంటుంది కదే, రోజూ వేసుకుంటాను, చీపురు పట్టినా వేసుకుంటాను అంది. నా మొహం చూసి అంత నవ్వు ఎందుకొచ్చిందో మరి, పక్కనున్నవాళ్లని కూడా నవ్వించింది.

వంటావిడకి క్షమాపణ చెప్పాను. ఇకనుంచి హాయిగా పడుకోండి అన్నాను. ఆవిడ మర్నాడు నాకో డబ్బా నిండా తినడానికి చేసి పంపింది. వద్దందామనుకుని, భయపడి, మొదటిసారే తీసేసుకున్నాను.

పెద్దావిడ ఇప్పుడు సూత్రం కొంచెం మార్చింది. వద్దన్నవాళ్లని ఒక వారం ఆగి, ఇంకొక్కసారి మాత్రం అడుగుతాం. ఆ వారంలో వాళ్లు తమని తామే అడిగి చూసుకుంటారని ఆవిడ నమ్మకం. నేను మూడన్నాను, ఆవిడ ఒకటంది, మధ్యలో రెండు దగ్గర ఆగాం. నీ జాకెట్ల కొట్లో బేరాలు కూడా ఇలాగే తెగుతాయి కదా.

కాబట్టి నా ప్రశ్న మళ్లీ అడుగుతున్నాను, ఈసారి మెత్తగా. ఆ రోజు నాన్న ఇంకోసారి అడిగి ఉంటే నువ్వేమనేదానివి? నువ్వు నీ కొట్టుతో, నీ నవ్వుతో నిండుగా ఉన్నావని నాకు తెలుసు. నీకు డిగ్రీలు ఎక్కువైతే నాకు జాకెట్లు ఎక్కువయ్యాయి అని నువ్వనే మాటలో నాకెప్పుడూ ముల్లు దొరకలేదు, వెతికినా దొరకలేదు. రెండోసారి ఎవరూ అడగలేదు కాబట్టి నీక్కూడా తెలియకపోవచ్చని మాత్రం ఇప్పుడనిపిస్తోంది. జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. రాస్తే దాచుకుంటాను.

బావగారికి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. కొట్టు మేడమీద గదికి సున్నం వేయించావని మీ మరిది చెప్పారు. పని కోసం ఎక్కడెక్కడి నుంచో మన ఊరొచ్చినవాళ్ల కోసం, నేను తిరిగొచ్చాక ఆ గదిలో మనం పెట్టబోయే ఇలాంటి కేంద్రాన్ని రోజూ తలుచుకుంటున్నాను. కుర్చీలు కొంటే ఎదురెదురుగా వేయకు.

ప్రేమతో, గౌరవంతో,
నీ సందేహాల చెల్లెలు

తాజా కలం: ఇంత రాసి అసలు సంగతి దాచాను. చదువయ్యాక ఇక్కడే ఉండిపోతావా, నీకు ఉద్యోగం ఇస్తాను అని పెద్దావిడ పోయిన సోమవారం అడిగింది. నేను వద్దన్నాను. తడుముకోకుండా, నువ్వు సూది మీంచి చూపు తిప్పకుండా అన్నట్టే అన్నాను. ఆవిడ నవ్వి, సరే, వారం ఆగి ఇంకొక్కసారి అడుగుతాను అంది. రేపే సోమవారం. ఆ వద్దు నీ మేడమీద గది కోసం అన్నానో, మొహమాటానికి అన్నానో వారమంతా నన్ను నేనే అడిగి చూసుకుంటూ ఉన్నాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఏదో ఒక జవాబు చెప్పేసి ఉంటాను. ఇది రాస్తున్న ఈ నిమిషానికి మాత్రం నాకు తెలియదక్కా.