నీ మిషన్ మీద పంజాబీ డ్రెస్

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫొటోకి దండ వేసి, నువ్వు కుట్టిన నీలం పంజాబీ డ్రెస్ వేసుకుని హైటెక్ సిటీలో ఆఫీసుకి వెళ్లాను.

మా ఆఫీసులో కొత్తగా జస్‌ప్రీత్ అనే పంజాబీ అమ్మాయి చేరింది. "పంజాబోళ్లు ఎట్లుంటరో ఏమో చెల్లె, బట్టలైతే ఒంటికి అల్కగ, మస్తు సౌలత్‌గ జేసిన్రు" అని మిషన్ తొక్కుతూ అనేదానివి కదా, ఆ మాట సాయంత్రం బస్టాపులో ఆమెకి చెప్పాను. పడీ పడీ నవ్వింది. వాళ్లు దీన్ని ఉత్త సూట్ అంటారట. ఇంగ్లీషులో పంజాబీ అంటే ఆ మనుషులు, వాళ్ల భాషే తప్ప బట్టలు కాదట. ఫారసీలో పంజ్ అంటే అయిదు, ఆబ్ అంటే నీళ్లు. పంజాబ్ అంటే అయిదు నదుల నేల అన్నమాట. నువ్వుంటే "మన బోరబండ బస్తీల నల్లా నీళ్లు సుత సక్కగ రావు" అనేదానివి.

ఇంతలో బస్సొస్తే, పక్క కుట్టులో నువ్వు పెట్టిన దొంగజేబులోంచి పాస్ తీశాను. జస్‌ప్రీత్ కళ్లు పెద్దవి చేసింది. వాళ్ల దర్జీలెవరూ సూట్‌కి జేబు పెట్టరట. తనకీ అలాంటిదే కుట్టిపెట్టమంది.

ఇంటికొచ్చేసరికి అమ్మది మళ్లీ అదే మాట: "ఊకె దుమ్ము పడుతున్నది, ఇగ మిషన్ అమ్మేద్దమా?"

"ఆగమ్మా" అని మిషన్‌కి వేసే నూనె డబ్బా తీశాను. నువ్వు నేర్పిందంతా గుర్తుందో లేదో గానీ, ఆ జేబు మాత్రం కళ్లు మూసుకుని కుట్టగలను. అయిదు నదుల పిల్ల నీ జేబులో బస్ పాస్ పెట్టుకుని తిరగబోతోంది అక్కా.

నీ చెల్లి