చారల గుర్రాలు వచ్చిన పొద్దున

నాన్నా, ఎలా ఉన్నావు?

నువ్వు వెళ్ళి పద్దెనిమిదేళ్ళు దాటింది. నీకు చదవడం రాదు కదా, అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాసినంత వరకు నేనే పైకి చదువుతున్నాను. వినిపిస్తోందా?

ముందు ఇంటి సంగతులు. నువ్వు పోయాక మేం మన చిన్న దీవిలో, హట్ బేలో ఉండలేకపోయాం. ఇల్లు లేదు, నువ్వు పనిచేసిన కొబ్బరితోట లేదు. మావయ్య మమ్మల్ని ఓడెక్కించి పెద్ద దీవికి తెచ్చి, తుష్నాబాద్‌లో తన ఇంటి వెనక గది ఇచ్చాడు. పక్కనే కొండ ఉందని అమ్మ ఒప్పుకుంది. బడిలో వంట చేసి నన్ను చదివించింది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను నాన్నా. మన ఇంట్లో వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టే మొదటి మనిషిని నేనే.

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పులు. సముద్రం వైపు మాత్రం ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నేనూ అంతే. కాలేజీకి వెళ్ళే బస్సు సిప్పీఘాట్ మీదుగా పోతుంది. నువ్వు పోయిన రోజే భూకంపానికి అక్కడ నేల కుంగిపోయింది. వరి పొలాల్లోకి సముద్రం వచ్చి, మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పటికీ గట్ల మీది కొబ్బరి మోళ్ళు నీళ్ళలోనే నిలబడి ఉంటాయట. ఉంటాయట అని ఎందుకంటున్నానంటే, ఆ వైపు సీట్లో నేనెప్పుడూ కూర్చోలేదు.

ఆ నీళ్ళకి ఇప్పుడు ప్రతి చలికాలం ఎక్కడెక్కడి పక్షులో వస్తున్నాయి. వాటిని గమనించే ఉద్యోగం నాకిస్తామన్నారు అటవీశాఖ వాళ్ళు. రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ మాట దాటేశాను. ఆఖరికి, ముందు శిక్షణకు పంపిస్తాం, ముగించుకుని వచ్చాక చెప్పు, ఇంక ఆగలేం అన్నారు.

ఆ శిక్షణ ఎక్కడో తెలుసా? ఆఫ్రికాలో! నీ చిట్టి ఆఫ్రికా వెళ్ళొచ్చింది. నవ్వకు.

బోట్స్వానా అని ఒక దేశం. అందులో ఒక నేషనల్ పార్కు. పార్కంటే ఉయ్యాలలు, జారుడు బల్లలు కాదు... రోజంతా జీపులో ఎగిరెగిరి పడుతూ పోతే, చివర్లో ఉప్పు మైదానం. తెల్లగా, పగుళ్ళు పగుళ్ళుగా, ఆకాశం దాకా. ఒక చెట్టు లేదు, ఒక గుట్ట లేదు. అది ఒకప్పుడు పెద్ద సరస్సట.

దిగగానే నేను అడిగిన మొదటి మాట ఏమిటో చెప్పనా? "ఇక్కడ కొండ ఎటువైపు?"

అందరూ నవ్వారు. మా గైడ్ నియో, అమ్మ వయసు ఆవిడ, నేలమీద కర్రతో పటం గీసి సముద్రం ఎంత దూరమో చూపించింది. నేనూ నవ్వాను. కానీ నిద్ర పట్టలేదు. ఎత్తు లేని చోట ఎలా పడుకుంటారు నాన్నా, మనుషులు?

మేం వెళ్ళింది చారల గుర్రాల కోసం. వానలు పడగానే ఎంతో దూరం నుంచి నడిచి ఆ ఉప్పు నేలకు వస్తాయట. నీకు గుర్తుందా, నా ఇంగ్లీషు అక్షరాల చార్టులో చివరి బొమ్మ? నువ్వు వేలు పెట్టి అడిగావు... "ఏటే చిట్టీ, ఈ గాడిదికి బనీనెవుడేసాడే?" అమ్మ గరిటె పట్టుకునే నవ్వింది.

వాన పడింది. ఉప్పు మీద పచ్చటి నూగులా గడ్డి లేచింది. గుర్రాలు మాత్రం రాలేదు. రోజూ ఎదురుచూశాం.

ఒక పొద్దున, ఇంకా వెలుతురు సరిగా రాలేదు... నా కింద నేల అదిరింది.

నిద్ర లేచి పరుగెత్తానో, పరుగెత్తాక లేచానో తెలియదు. చూసుకునేసరికి జీపు పైకప్పు మీద ఉన్నాను. "బేగి ఊపర్ ఎక్కండి! పానీ వచ్చేస్తంది!" అని అరుస్తున్నాను. ఆ మనుషులకి తెలుగేం తెలుసు, హిందీ ఏం తెలుసు? అయినా అవి నా మాటలు కావు, నీవి. ఆ ఆదివారం పొద్దున, సముద్రం పైకి లేచినప్పుడు నువ్వు వీధంతా అరిచినవి.

ఆ రోజు నువ్వు నన్నూ అమ్మనూ గుట్ట మొదట్లోకి తెచ్చి వదిలావు. పక్కింటి ముసలి దాదీ మంచం మీదే ఉండిపోయిందన్నావు. నా వీపు మీద చెయ్యి వేసి తోశావు... "ఎక్కు. ఎనక్కి తిరిగి సూడకు. దాదీని ఎత్తుకుని నానొచ్చేస్తాను."

నేను చూడలేదు నాన్నా. నువ్వు చెప్పావని చూడలేదు. ఫోటోలు ఇంటితోపాటు పోయాయి. నాకు నీ ముఖం లేదు. వీపు మీద నీ చెయ్యి ఒక్కటే ఉంది.

జీపు మీద కూడా అలాగే నిలబడ్డాను, చప్పుడుకి వీపు పెట్టి. కింద ఎవరో నవ్వడం మొదలుపెట్టి ఆపేశారు. నియో పైకి ఎక్కి వచ్చింది. నా భుజాలు పట్టుకుని మెల్లగా తిప్పింది.

చారల గుర్రాలు. మైదానమంతా అవే. పరుగెత్తేవి పరుగెత్తుతున్నాయి, ఆగినవి అప్పుడే గడ్డి కొరుకుతున్నాయి. అడుగు ఇంకా కుదరని పిల్లలు తల్లుల పక్కకి అంటుకుపోయి ఉన్నాయి. అందరూ బనీన్లు తొడుక్కునే వచ్చారు నాన్నా, పసిపిల్లలతో సహా!

ఈ ఉప్పులోకి రమ్మని వాటికి ఎవరు చెప్పారు? అన్ని రోజులు నడిచి పసిపిల్లల్ని ఇక్కడికే ఎందుకు తెస్తాయి? నియోని అడిగితే, వాన పడింది కదా అంది, అంతే.

వెనక్కి తిరిగితే నువ్వు లేని చోటు కనిపిస్తుందని ఇన్నేళ్ళు భయపడ్డాను. తిరిగాను. నువ్వు లేవు. అందులో మార్పేమీ లేదు. కానీ అక్కడ ఖాళీ మాత్రం లేదు...

ఆ పొద్దున నువ్వు నా పక్కన ఉండాల్సింది. నువ్వు ఏమని ఉండేవాడివో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. నీ కొత్త మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వినాలని ఉంది.

తిరిగొచ్చిన వారం బస్సులో నీళ్ళ వైపు సీట్లో కూర్చున్నాను. కొబ్బరి మోళ్ళు నిజంగానే ఉన్నాయి. ప్రతి మోడు మీద ఏదో ఒక పక్షి. రెక్కలు ఆరబెట్టుకుంటూ ఒకటి, ఊరికే కూర్చుని ఒకటి. స్టాపు దాటిపోయింది, చూసుకోలేదు.

ఉద్యోగానికి సరేనన్నాను. అమ్మకి చెప్పడానికే భయమేసింది. చేటలో బియ్యం ఏరుతూ వింది. తర్వాత, "ఎమ్మెస్సీ సదివింది బురదలో దిగడానికేటే? సరే గానీ, బూట్లు మోకాలి దాకా ఉన్నవి కొనుక్కో, జలగలుంటాయి" అంది.

రేపు పొద్దున మొదటి రోజు. ఆటుకి నీళ్ళు తగ్గాక దిగాలి. ఇంతకుముందే అమ్మ గుమ్మంలోకి వచ్చి చెప్పింది, తనూ వస్తుందట. దిగదట, రోడ్డు మీదే నిలబడుతుందట. "ఒక్కద్దానివే ఏటి సేస్తావు, టిఫిన్ డబ్బా ఎవరట్టుకుంటారు?" అంది. డబ్బా పట్టుకోవడానికి మనిషి కావాలా నాన్నా?

నీకొక మాట ఇస్తున్నాను. నేల కదిలితే అమ్మ చెయ్యి పట్టుకుని ముందు పైకి ఎక్కుతాను. ఎవరేమన్నా ఆగను. కదలని రోజుల్లో మాత్రం వెనక్కి తిరిగి చూస్తాను. కోప్పడకు.

నీ కూతురు,
చిట్టి