విక్టోరియా జ్వరానికి కారణం

ఏలూరు,
1936 ఆగస్టు.

మావయ్యగారికి,

నమస్కారాలు. ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. మీ మనవరాలు విక్టోరియా బతికింది. నిన్న గంజి తాగి, ఇంకొంచెం పొయ్యమంది.

పిల్లకి చలిజ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, మన చర్చి సంఘపెద్దగా మీరు, "నువ్వు దాచుకున్న పాపమేదో ఉందమ్మా, అందరి ముందూ ఒప్పుకో" అన్నారు. ఒప్పుకోనంటే ఆసుపత్రికి వెళ్లడానికి పడవ ఇవ్వనన్నారు. మీ అబ్బాయి తల దించుకున్నారు. నేను పిల్లని భుజాన వేసుకుని కొల్లేటి గట్టు వెంట నడిచి వచ్చాను.

డాక్టరమ్మగారు దాని నెత్తురు చుక్కని మైక్రోస్కోపులో నాకు చూపించారు.

"మలేరియా క్రిమి ఎర్రకణంలో దూరి కూర్చుంటుందమ్మా. రోగాన్ని తరిమే తెల్లకణాలు దాన్ని పోల్చుకోలేవు. అది లోపలే పెరిగి, కణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చినప్పుడల్లా జ్వరం వస్తుంది" అన్నారు.

"నా పాపం వల్లనాండీ?" అని అడిగాను.

"దోమ వల్ల" అన్నారు.

మావయ్యగారూ, దాక్కున్నదాన్ని నేను కళ్లారా చూశాను. అది నా మనసులో లేదు.

ఆదివారం ఆరాధనకు వస్తాను. మోకరించి ఒప్పుకోవడానికి కాదు. పిల్లలు జ్వరంతో మూలుగుతున్న తల్లులందరినీ క్వినైను మందు కోసం ఏలూరు రమ్మని చెప్పడానికి. నన్ను సంఘం నుంచి వెలివేస్తే వెయ్యండి. ఆ మాట చెప్పాకే బయటికి వెళతాను.

ఇట్లు,
విక్టోరియా తల్లి