జల్లించిన పిండి

ప్రేమక్కా,

ఈ పూట అత్తమ్మకు స్టీలు డబ్బాలో ఉన్న పిండితో రొట్టెలు చెయ్యి. దాన్ని జల్లించకు, పొట్టు అందులోనే ఉండాలి.

మూడు నెలలుగా నేను గోధుమపిండిని సన్న జల్లెడ పట్టి, పొట్టంతా పక్కింటి బర్రెకు వేస్తున్నాను. "చిన్నకోడలి రొట్టెలు ఎంత మెత్తగున్నయో, పెద్దదానియి నమలరావు" అని అత్తమ్మ అంటుంటే, ఆ మాట మళ్లీ మళ్లీ వినాలనిపించేది.

నిన్న ఆమెను షాద్‌నగర్ దవాఖానకు తీసుకెళ్తే, షుగర్ పెరిగిందని డాక్టరమ్మ గోలీలు పెంచింది. పొట్టు తీసిన పిండి తింటే షుగర్ తొందరగా ఎక్కుతుందని నాకు చెప్పింది. ఇంటికొచ్చాక అత్తమ్మ "నువ్వే నా చాయిల దొంగచాటుగ చక్కెర ఏస్తున్నవ్" అని నీ మీద పడింది. నేను తలుపు దగ్గరే నిలబడి నోరు మెదపలేదు.

ఎయిర్‌పోర్టులో నా డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. వచ్చాక అత్తమ్మకు నేనే చెబుతాను. అప్పటిదాకా నువ్వు చెప్పకు.

సునీల

నువ్వు ఏడుస్తుంటే మంచినీళ్లు తెచ్చిచ్చాను కదా. "నువ్వన్న నన్ను నమ్మినవ్ చెల్లె" అన్నావు. అప్పుడు కూడా ఊరుకున్నానక్కా.